కుడి వైపు స్ప్రింగు

మా బావ అంజన్న ఆ శుక్రవారం బండి నడుపుకుంటూ రాలేదు. బండిని ఎక్కించుకొచ్చిన లారీలో, డ్రైవరు పక్కన, ఒళ్లో చేతులు పెట్టుకుని కూర్చుని వచ్చాడు. సౌదీలో బురైదా ఊరి చుట్టుపక్కల ఖర్జూరం తోటల్లో పద్నాలుగేళ్లు బండి తోలిన మనిషి, తన బండి వెనక ఎక్కి వస్తుంటే అద్దంలోనైనా దాని వంక చూడలేదట. ఆ లారీ డ్రైవరే నాతో చెప్పాడు.

నా పేరు లింబాద్రి. మాది జగిత్యాల దగ్గర పల్లె. ఇక్కడ సనాయియాలో, అంటే ఊరి బయట రిపేరు షెడ్లన్నీ ఒకచోట ఉండే పేటలో, మెకానిక్‌ని. పదేళ్ల కిందట వీసా తెప్పించి నన్ను ఇక్కడికి రప్పించింది మా బావే. మా పుష్పక్క భర్త. నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని అందరూ అంటారు. ఉంటుంది. బండిని నాశనం చేసుకుని తెచ్చి, నా షెడ్డులో నిలబడి నాకే పాఠాలు చెప్పేవాళ్లను చూస్తే ఎవరికైనా ఉంటుంది. ఇంకో మాట కూడా అంటారు: లింబాద్రి పనిలో తప్పు దొరకదు, దొరికినా వాడు చచ్చినా ఒప్పుకోడు అని. నా వెనక అనుకునే ఆ మాట నా చెవిన పడినప్పుడల్లా, నిజం చెప్పొద్దూ, లోలోపల మురిసిపోయేవాణ్ని.

వచ్చిన బండి పాత పికప్పు. ఇక్కడివాళ్లు వనైత్ అంటారు. పదకొండు నెలల కిందట అది పట్టపగలు రోడ్డు దిగి కల్వర్టు గోడను కొట్టింది. నడిపింది మా బావ. కుడి పక్కన కూర్చున్నది నబీ రసూల్, అదే తోటలో పనిచేసే రాయచోటి మనిషి. తలుపు లోపలికి నొక్కుకుపోయి అతని కాలు ఇరుక్కుంది. ఆస్పత్రిలో మోకాలి కింద తీసేశారు. మూడు నెలలకు చంకల్లో కర్రలు పెట్టుకుని ఇంటికి వెళ్లిపోయాడు.

పోలీసులు అడిగితే మా బావ "కునుకు పట్టింది" అన్నాడు. ఎవరూ బలవంతపెట్టి చెప్పించిన మాట కాదు. తెల్లవారకముందు నుంచి పెట్టెలు మోసి ఉన్నాడు, ఎండకు కళ్లు బరువెక్కాయి, బండి ఉన్నట్టుండి కుడికి లాగేసింది. అంటే నిద్రపోయి ఉంటాను అనుకున్నాడు. అనుకున్నది అనుకున్నట్టే రాసుకున్నారు. ఆ రోజు నుంచి స్టీరింగు ముట్టలేదు. కఫీల్, అంటే వీసా ఇచ్చిన తోట యజమాని, తిట్టి చూశాడు, బతిమాలి చూశాడు. మా బావ పెట్టెలు మోశాడు, చెట్లెక్కి గెలలు కోశాడు, బండి మాత్రం ఎక్కనన్నాడు. ఇప్పుడు మళ్లీ కోత మొదలైంది, డ్రైవర్లు చాలడం లేదు. రేకు పనివాళ్లు తలుపు మార్చి, రెక్క సాపు చేసి, చక్రం కొత్తది వేసి పంపారు. ముందు భాగం కుడివైపు కుంగి ఉంది కాబట్టి కఫీల్ రెండు కొత్త స్ప్రింగులు కొనిచ్చి చివరి మాట చెప్పేశాడు. ఇవి వేయించు, రేపటి నుంచి నువ్వే నడుపు, లేదా ఖురూజ్. ఖురూజ్ అంటే పాస్‌పోర్టు మీద ఆఖరి ముద్ర వేసి ఇంటికి పంపించేయడం.

ఇంటికి పోవడం శిక్షా అంటారేమో. ఇద్దరు కూతుళ్లు నర్సింగు చదువుతున్నారు, చిన్నదానికి ఇంకా రెండేళ్లుంది. కానీ మా బావ బాధ అది కాదు. తను ఎక్కితే ఇంకెవరి కాలో పోతుందని.

లారీ మీది నుంచి బండిని దింపుతుంటే నవ్విద్దామని అన్నాను.

"ఏం బావా, నువ్వు బండెక్కుతవనుకుంటె బండే లారెక్కి అచ్చిందేంది?"

ఒకప్పుడైతే అంతకు రెండింతలు అనేవాడు. బావ, బామ్మర్ది ఒకచోట కూడితే మాటకు మాట పడాల్సిందే, లేకపోతే అన్నం అరగదు మాకు. ఆ రోజు మాత్రం "ఎండల నిలవెట్టకు, లోపలికి జరుపు" అని పక్కకు పోయి నిలబడ్డాడు. మెడ సన్నబడింది. చొక్కా కాలరులో మెడ ఎక్కడో ఉంది.

శుక్రవారం పొద్దున సనాయియా అంతా మూసి ఉంటుంది. షెడ్డు తాళం నా దగ్గర ఉంటుంది కాబట్టి చుట్టాల పనులు ఆ పూటే చేస్తాను. స్ప్రింగు మార్చడం ఒక్కడి వల్ల కాదు. చూడటానికి అది మోకాలంత ఇనుప చుట్ట. బండి బరువు మొత్తం మీద మోస్తూ అణిగి ఉంటుంది. దాన్ని పట్టి ఉంచిన నట్టు విప్పామా, ఆ అణిగిన బలం అంతా ఒక్కసారి బయటికి రావాలని చూస్తుంది. అందుకే బండి చట్రానికి స్టాండ్లు పెట్టి, చక్రం తీసి, చక్రాన్ని మోసే కింది ఆర్మ్‌కు జాకీ ఆనించి, స్ప్రింగును గొలుసుతో చట్రానికి కట్టేస్తాం. ఆ తర్వాత ఒకరు నట్టు విప్పుతుంటే ఇంకొకరు జాకీని వెంట్రుకవాసి చొప్పున దించుతూ పోవాలి. జాకీ జారిందా, విప్పేవాడి ముఖం ఉండదు.

"బావా, జాకీ నువ్వు పట్టు."

"నేనా?"

"ఇంకెవరున్నరు ఈడ?"

"కునుకు పడితె ఎట్ల?"

"పొద్దుగాల పది గంటలకు జాకీ పట్టుకొని నిద్రపోతవా?"

"గప్పుడు గూడ పగలే గద" అన్నాడు.

నాకు ఆ మాట గుండెలో ముల్లులా దిగింది. కోపం నటించి, "నా మొఖం నా ఇష్టం, నువ్వు పట్టు" అన్నాను. పట్టాడు. రెండు చేతులతో జాకీ పిడి పట్టుకుని, నా నోటి వంక చూస్తూ కూర్చున్నాడు. 'దించు' అంటే దించాడు, 'ఆగు' అంటే ఆగాడు. ఎక్కడ తన కళ్లు మూతపడతాయోనని రెప్ప వేయడమే మానేశాడు. కళ్లలో నీళ్లు కారుతుంటే భుజానికి తుడుచుకున్నాడు గాని పిడి వదల్లేదు.

ఎడమ వైపు స్ప్రింగు మర్యాదగా బయటికి వచ్చింది. కొస సాపుగా, డిస్కుతో కోసిన చోట కోసినట్టే ఉంది. కోసింది నేనే.

ఆ సంగతి చెప్పాలి. నిరుడు ఒక శుక్రవారం ఇదే బండి ముందుకు కుంగిపోయిందని మా బావ తెచ్చాడు. కొత్త స్ప్రింగులు కొనమంటే కఫీల్ వినడు. పాత బండ్ల గుట్టల్లోంచి ఇంతకన్నా పెద్ద బండివి రెండు స్ప్రింగులు తెచ్చాను. అవి చుట్టున్నర పొడుగు ఎక్కువ. కోసి వేద్దామనుకున్నాను. మా బావ పక్కనే కూర్చుని చూస్తుండగా ఎడమదాన్ని కటింగు డిస్కుతో కోశాను. తర్వాత మా బావ కాసేపు నడుం వాలుస్తానని నా గదికి పోయాడు. కుడిదాన్ని మొదలుపెట్టగానే డిస్కు పగిలిపోయింది. షెడ్డులో ఇంకోటి లేదు. బయట జుమ్మా నమాజు వేళ, ఒక్క దుకాణం తెరిచి లేదు. సాయంత్రానికి బండి తోటలో ఉండాలి. గంటన్నర ఆగలేక గ్యాసు వెలిగించి మంటతో కోసేశాను. స్ప్రింగుకు మంట తగిలితే దాని పదును చచ్చిపోతుందనీ, ఎప్పుడో ఒకప్పుడు ఆ చోటనే పగులుతుందనీ మా పేటలో టీ కొట్టు నడిపేవాడికి కూడా తెలుసు. నాకు తెలియదా? సొంత బావ బండే కదా, వచ్చే వారం పిలిచి మార్చేద్దాం అనుకున్నాను. పరాయి బండి అయితే ఆ పని చేసేవాణ్ని కాదు, మళ్లీ తిరిగి వచ్చి గల్లా పట్టుకుంటారని భయం ఉండేది. అయినవాడు అడగడులే అన్న ధీమా నాది. వచ్చే వారం, ఆ పై వారం అనుకుంటూ ఐదు వారాలు పోయాయి. ఆరో వారం కల్వర్టు.

ప్రమాదం సంగతి విన్నప్పుడు నాకు మొదట నబీ రసూల్ గుర్తుకు రాలేదు. బావ కూడా రాలేదు. ఆ గ్యాసు మంట గుర్తుకొచ్చింది. బండిని ఉంచిన చోటు మా షెడ్డుకు అరగంట దూరం. పోలేదు. పోయి చూస్తే తెలిసిపోతుంది. చూడనంత వరకూ బావకు కునుకు పట్టినట్టే. అలా పదకొండు నెలలు చూడకుండా గడిపాను.

కుడి వైపుకు వచ్చాం. గొలుసు కట్టాను, నట్టు వదులు చేశాను, "దించు" అన్నాను. జాకీ దిగుతుంటే స్ప్రింగు ఆర్మ్‌ను కిందికి తొయ్యాలి. తొయ్యలేదు. లోపల ఏదో ఖణేల్‌మని, ముప్పావు చుట్టు ముక్క ఒకటి జారి నా పాదం దగ్గర పడింది.

చేతిలోకి తీసుకున్నాను. కొసన మంటకు కమిలిన నీలం మచ్చ. ఆ పక్కనే విరుపు. విరిగిన ముఖంలో సగం నల్లగా, పాత మడ్డి పట్టి ఉంది. అంటే ఆ పగులు చాలా రోజుల ముందే నోరు తెరిచింది. మిగిలిన సగం ఒక్కసారిగా తెగింది. ఆర్మ్‌లో స్ప్రింగు కూర్చునే గుంటను వేలితో తడిమాను. విరిగిన కొస గీరుకుంటూ తిరిగిన చార లోతుగా పడి ఉంది. ప్రమాదం తర్వాత ఈ బండి తన చక్రాల మీద పది గజాలు కూడా నడవలేదు. ఆ చార పడిందంటే విరిగిన తర్వాత బండి కొంత దూరం పరిగెత్తింది. ఆ పైన స్ప్రింగు గుంటలోంచి జారింది, ఆ మూల కూలబడింది, బండి కుడికి లాగేసింది, కల్వర్టు వచ్చింది. మా బావ మెలకువగానే ఉన్నాడు. కళ్లు బరువెక్కి ఉంటాయి, అంతే. ఆ ఎండలో ఎవరికి బరువెక్కవు?

నేను ఆశ్చర్యపోలేదు. అదే నా పాపం. వస్తుందని తెలిసిన ఉత్తరం చేతికొచ్చినట్టు అనిపించింది.

"ఏమైంది?" అన్నాడు మా బావ. జాకీ పిడి దగ్గర వంగి ఉన్న ఆయనకు నా చేతులు కనిపించవు.

"ఏం లేదు. పాతది గద."

ఆ ముక్కను పాత ఇనుము డ్రమ్ములో వేశాను. మీద రెండు తుప్పు పైపులు పడేశాను. అంతటితో ఆగానా, గ్రైండరు తీసి ఆ గుంటలోని చారను సాపు చేశాను. తుడిచాను, గ్రీజు రాశాను, కొత్త రబ్బరు పరిచాను. కొత్త స్ప్రింగు కొసను దాని చోట సరిగ్గా కూర్చోబెట్టి, జాకీ లేపించి, నట్టు బిగించి, పిన్ను వేశాను. జన్మలో అంత శ్రద్ధగా పని చేసి ఎరగను. దొంగతనం చేసినవాడు ఇల్లు ఊడ్చి పోయినట్టుంది.

జుమ్మా ముగిశాక లాల్ అహ్మద్ తన బండి వేసుకుని వచ్చాడు. పెషావరు మనిషి. వారం వారం షెడ్ల చుట్టూ తిరిగి పాత ఇనుము ఎత్తుకుపోతాడు.

"ఉస్తాద్, కుఛ్ మాల్ హై ఆజ్?" అన్నాడు, ఈ రోజు సరుకేమైనా ఉందా అని.

"సబ్ లే జా" అన్నాను. అన్నీ తీసుకుపో అని.

డ్రమ్ము మొత్తం బండిలో బోర్లించుకున్నాడు. అతని బండి మలుపు తిరిగి కనుమరుగయ్యేదాకా గుమ్మంలో నిలబడి చూశాను. గండం గడిచిందనుకున్నాను.

షెడ్డు వెనక గదిలో అన్నానికి కూర్చున్నాం. పచ్చిపులుసు, గుడ్ల పొరటు. మా బావకు ఇష్టమని చేసి ఉంచాను. పళ్లెంలో అన్నాన్ని అటూ ఇటూ జరుపుతూ కూర్చున్నాడు.

"బావా, రేపు ఎక్కుతవా మరి?"

"ఎక్క."

"పంపిచ్చేస్తడు."

"పంపిచ్చేయనీ. ఒకని కాలు తిన్న. చాలదా?"

అప్పుడే ఫోను తీశాడు. ప్రతి శుక్రవారం ఈ వేళకు నబీ రసూల్‌కు చేస్తాడట. నాకు తెలియదు. ముద్ద కలిపిన చెయ్యి కాబట్టి ఫోను నేల మీద పెట్టి స్పీకరు నొక్కాడు.

"ఏమన్నా, బాగుండావా? అన్నం తిన్న్యావా?" నబీ రసూల్ గొంతు. మనిషి ఎప్పటిలాగే హుషారుగా ఉన్నాడు. కోత ఎలా ఉందో అడిగాడు, ఈసారి కాయ పెద్దదా చిన్నదా అని అడిగాడు. మా బావ అన్నిటికీ ముక్తసరిగా జవాబు చెప్పి, చివరికి అసలు మాటకు వచ్చాడు.

"రసూల్, ఆ దినం నేను జర కండ్లు తెరిసి ఉంటె..."

"మళ్లీ అదేనా? ఎన్ని తూర్లు చెప్పాలన్నా నీకు? తప్పు నాది. పక్కన కూచున్నోడు డ్రైవరుతో మాట్లాడతా ఉండాల. నేను తలుపుకు తలానిచ్చి నిద్రపోతి. నాలుగు మాటలు మాట్లాడింటే నీకు కునుకెందుకు పడతాది? దేవుడు నా కాలు తీసుకున్యాడు, సరిపోయింది. నువ్వు ఇడ్సిపెట్టు."

మా బావ ఫోను మీదికి వంగి, "లేదు లేదు" అంటూనే ఉన్నాడు. అవతల నబీ రసూల్ "నాదే, నాదే" అంటున్నాడు. ఒక కాలు పోగొట్టుకున్నవాడూ, ఒక బతుకు పోగొట్టుకున్నవాడూ నా తప్పు కోసం పోట్లాడుకుంటున్నారు. నేను మధ్యలో కూర్చుని పచ్చిపులుసు పోసుకుంటున్నాను. నా మీద నాకు అంత అసహ్యం ఎప్పుడూ కలగలేదు.

ఫోను పెట్టేశాక చెయ్యి కడుక్కోకుండానే చెప్పాను.

"బావా, నీకు కునుకు పట్టలే. స్ప్రింగు విరిగింది. కుడి దిక్కుది. అది నేను గ్యాసుతోని కోసిన. గందుకే విరిగింది."

ఆయన నా వంక చూశాడు. కోపం వస్తుందనుకున్నాను, చెంప పగులుతుందనుకున్నాను. దానికి సిద్ధంగానే ఉన్నాను. ఆయన ముఖంలోకి మెల్లగా ఒక మెత్తదనం వచ్చింది. పదకొండు నెలల్లో నేను చూడని మెత్తదనం.

"బామ్మర్దీ, నువ్వు డిస్కుతోని కోసుడు నా కండ్లతోని సూశిన."

"అది ఎడమది. నువ్వు పన్నంక డిస్కు పలిగింది. కుడిది మంటతోని కోసిన."

"మరి ఇందాక ఇప్పినప్పుడు ఏం లేదంటివి?"

"దాసిపెట్టిన. డ్రమ్ముల ఏసిన. లాల్ అహ్మద్‌కు ఇచ్చేసిన."

"బాగుంది" అన్నాడు. నవ్వాడు కూడా. "ముక్క లేదు, ఏం లేదు. లింబాద్రీ, నువ్వు పుట్టినకాడి నుంచి తప్పు నాది అని ఒక్క దినమన్న అన్నవా? నట్టు నువ్వు అడ్డం బిగిచ్చి, కంపిని మీద పెట్టెటోనివి. గసుంటోనివి ఇయ్యాల ఇంత పెద్ద తప్పు నెత్తిన ఏసుకుంటున్నవంటె నాకు తెల్వదా ఎందుకో?"

నాకు కోపం వచ్చింది. నిజం చెబితే నమ్మని మనిషి మీద కోపం రాక ఏమవుతుంది? లాల్ అహ్మద్‌కు ఫోను చేశాను. ఆ ముక్క ఒక్కటి కావాలి, ఎక్కడున్నావు అన్నాను. మాల్ అంతా పెద్ద యార్డులో దించేశాననీ, మిషను కింద పడి ఈపాటికి దిమ్మె అయిపోయి ఉంటుందనీ అన్నాడు. ఫోను విసిరేసి మా బావ చెయ్యి పట్టుకుని బండి దగ్గరికి లాక్కుపోయాను. ఆ గుంటలో చార ఉందని చూపిద్దామని. కింద కూర్చున్నాక గుర్తొచ్చింది, దాన్ని సాపు చేసింది నేనే. కొత్త రబ్బరు కింద గ్రీజు మెరుస్తోంది. నా చేతి పనిలో తప్పు దొరకదు.

"చార ఉండె బావా. నేనే గ్రైండరు కొట్టిన."

"చాలు ఇగ."

"నీ పిల్లల మీద ఒట్టు."

"పిల్లల మీద ఒట్లు వెట్టకు." నా గ్రీజు చేతులు రెండూ తన చేతుల్లోకి తీసుకుని కళ్లకు అద్దుకున్నాడు. నాకన్నా పదమూడేళ్లు పెద్దవాడు. నేను లాక్కోబోతే వదల్లేదు. "నా పాపం నీ మీద ఏసుకుంటవా? సొంత తమ్ముడు గూడ ఏసుకోడు. నేను నిద్రపోయిన, నాకు తెల్వదా? నా కండ్లు నాయి. గని నా కోసం నీ నోట్లెకెళ్లి రాని మాట తెచ్చుకున్నవు. నేను ఒక బండి నడుపలేనా నీ కోసం?"

తాళం చెవి అడిగాడు. ఇచ్చాను. సీట్లో కూర్చుని చాలాసేపు స్టీరింగును చూస్తూ ఉన్నాడు. పెదవులు కదులుతున్నాయి, మొక్కుకుంటున్నాడేమో. తర్వాత స్టార్టు చేసి, గేరు వేసి, నడక వేగంతో షెడ్డు దాటాడు. మలుపు దగ్గర ఆగి, ఖాళీ రోడ్డే అయినా అటూ ఇటూ రెండుసార్లు చూసి, పోయాడు. బండి ముందు భాగం నిటారుగా, రెండు వైపులా సమంగా ఉంది.

నేను సంతోషించాల్సిన దృశ్యం. ఖురూజ్ తప్పింది, పిల్లల చదువు ఆగదు, మా బావ బండెక్కాడు. నేను గుమ్మంలోనే కూలబడ్డాను. ఆయన నిద్రపోయానన్న పాపాన్ని అలాగే మోసుకుపోయాడు, పైగా నా మంచితనం బరువు కూడా దాని మీద వేసుకుపోయాడు. నా తప్పు ఎవరూ ఒప్పుకోనివ్వని తప్పు అయిపోయింది. అంతటితో వదిలేయొచ్చు కదా అని ఒక బుద్ధి చెప్పింది. చెప్పాను, నమ్మలేదు, నేనేం చేయను? ఆ బుద్ధి మాట ఎంత తియ్యగా ఉందో చెప్పలేను. ఎండ వాలేదాకా దాన్ని చప్పరిస్తూ కూర్చున్నాను.

ఐదు దాటాక పుష్పక్క ఫోను చేసింది.

"తమ్మీ, మీ బావ బండి నడిపిండంట."

"ఆఁ, అక్కా."

"తోటకు చేరినంక ఫోన్ జేసిండు. ఏడుస్తున్నడు. తప్పు నీదే అన్నవంట నువ్వు. గసుంటి బామ్మర్ది ఎవనికి దొరుకుతడు అని ఒక్కటే తీరు అంటున్నడు."

అక్క గొంతు తగ్గించింది.

"ఏం జెప్పినవో మల్లొక్కసారి చెప్పు. నాకు చెప్పు."

చెప్పాను. డిస్కు పగిలిన దగ్గర నుంచి లాల్ అహ్మద్ బండి మలుపు తిరిగేదాకా. ఆ బండిని చూడటానికి పదకొండు నెలలు పోని సంగతి కూడా చెప్పాను. మా బావకు చెప్పని మాట అది. అక్క మధ్యలో ఒక్కసారి కూడా అడ్డుతగల్లేదు. చెప్పడం అయ్యాక, ఆమె కూడా "పోరా, నన్ను ఓదారుస్తున్నవు" అంటుందని ఎదురుచూశాను. అనాలని దేవుడికి మొక్కుకున్నాను కూడా.

"అయితె నిజమే" అంది.

"అక్కా..."

"నువ్వు ఒప్పుకున్నవని ఆయన నమ్మలే. నేను గందుకే నమ్ముతున్న. నిన్ను సాది పెంచింది నేను. ఇంట్ల కుండ పలగ్గొట్టి పిల్లి మీద వెట్టినోనివి. గ్యాసని, డిస్కని, జుమ్మా అని ఇంత కథ నీకు కట్టుకొని చెప్ప రాదు." గొంతులో ఏడుపు లేదు, అరుపు లేదు. "పదకొండు నెలలు తమ్మీ. కండ్లు మూస్తె రసూల్ కాలే కనవడ్తదని ఆయన పండుడు బంద్ జేసిండు. పిల్లలతోని మాట్లాడుడు బంద్ జేసిండు. నేను ఈడ ఒక్క గుడి వదలలే. నువ్వు ఆడ అరగంట దూరంల ఉన్నవు."

"చెప్పిన గదక్కా. నమ్మకపోతె నేనేం జెయ్యాలె?"

"రేపు మల్ల చెప్పు. ఎల్లుండి మల్ల చెప్పు. నమ్మేదాక చెప్పు. గా రసూల్‌కు గూడ చెప్పు, ఆయన కాలు ఎందుకు పోయిందో ఆయనకు తెల్వాలె."

"నమ్మితె బావ నా మొఖం సూడడు."

"సూడకపోతె సూడకపోనీ" అంది. "ఆయన మొఖం ఆయన సూసుకుంటడు."

సరే అన్నాను. అక్క ఇంకేమైనా అంటుందేమోనని ఫోను చెవికి ఆనించుకునే ఉన్నాను. ఈ పదేళ్లలో నాకు ఎన్నిసార్లు ఫోను చేసినా, ఎంత పోట్లాడినా, పెట్టేసే ముందు "తిన్నవా తమ్మీ" అని అడిగేది. ఆ రోజు అడగలేదు.